శరదృతువులో పూసే అడవి డాఫోడిళ్ల సంచయం: దుంపలు మేలైనవి, పేరు చీటీలే నమ్మదగినవి కావు

తపాలాలో అరుదైన దుంపలను పంపే ఒక నర్సరీ నుంచి శరదృతువులో పూసే అడవి డాఫోడిళ్ల (శాస్త్రీయంగా నార్సిసస్ అనే దుంప పూల మొక్కల) సంచయాన్ని తెప్పించుకున్నాను. ఈ జాతులు నాటిన ఏడాదే తమ స్వరూపాన్ని పూర్తిగా చూపవు కాబట్టి, అవి పూసేదాకా ఆగి ఈ సమీక్ష రాస్తున్నాను. సంచయంలో సెరోటినస్, ఎలిగాన్స్, విరిడిఫ్లోరస్, కావనిలేసీ అనే నాలుగు నార్సిసస్ జాతులు ఉన్నాయి. మొక్కల పెంపకంలో ఈ నర్సరీకి వంక పెట్టలేము గాని, పేర్ల విషయంలో మాత్రం అది చూపవలసినంత శ్రద్ధ చూపలేదు.

ముందుగా మంచి సంగతి చెప్పాలి. దుంపలు వేసవి చివర, పూర్తి నిద్రావస్థలో ఉండగానే, పొడి ఇసుక నింపిన కాగితపు సంచులలో చేరాయి. వసంతకాలపు డాఫోడిళ్లకు ఆలస్యం కొంతవరకు చెల్లుతుంది గాని, వీటికి చెల్లదు. తొలి చల్లని రాత్రులు, తొలి తడి తగలగానే వేళ్లు పుట్టి, వెంటనే పూకాడ లేస్తుంది. అక్టోబరులో అందిన దుంప ఆ ఏటి పూతను పోగొట్టుకున్నట్టే లెక్క. వేళ్లు పుట్టే అడుగుభాగం అన్నిటిలోనూ గట్టిగా ఉంది, కుళ్లు వాసన ఎక్కడా లేదు. అడవి నుంచి తవ్వి తెచ్చిన దుంపలలో తరచు కనిపించే పొడవైన మెడ, పేరుకుపోయిన పాత పొట్టు వీటిలో లేవు. విత్తనం నుంచి కుండీలలో పెంచామన్న నర్సరీ వారి మాట నిజమేనని దాన్నిబట్టి అనిపించింది.

దుంపలు అడవి నుంచి తవ్వినవా, పెంచినవా అన్న ప్రశ్న కావనిలేసీ విషయంలో తప్పక అడగవలసినదే. పోర్చుగల్, స్పెయిన్ దేశాల నైరుతి భాగంలోనూ ఉత్తరాఫ్రికాలోనూ పెరిగే ఈ చిన్న పసుపు పూల జాతికి ఐరోపా సమాఖ్య 1992 నాటి ఆవాసాల ఆదేశం (అరుదైన జీవజాతులను, వాటి నివాసాలను కాపాడే చట్టం) రక్షణ కల్పిస్తోంది. పోర్చుగల్‌లో గువాదియానా నదిపై అల్కేవా ఆనకట్ట కట్టినప్పుడు, ముంపునకు గురయ్యే చోటి దుంపలను తవ్వి వేరే చోటికి తరలించవలసి వచ్చింది. పూవు మధ్య ఉండే గిన్నె దాదాపు కనిపించనంత చిన్నది కావడంతో దీనిని ఒకప్పుడు పాంక్రాషియం అనే ప్రజాతిలోనూ, తరువాత టేపినాంథస్ అనే వేరే ప్రజాతిలోనూ చేర్చారు. నాకు వచ్చినవి నిస్సందేహంగా ఇవే.

అసలు చిక్కు సెరోటినస్ సంచితో వచ్చింది. చీటీ మీద జాతి పేరు కింద, విత్తనం గ్రీస్ మూలానిదని కూడా రాసి ఉంది. ఆ రెండు మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. అసలైన సెరోటినస్ పోర్చుగల్ దక్షిణ భాగానికి, స్పెయిన్ నైరుతికి, మొరాకో వాయవ్యానికి పరిమితమైన జాతి. మధ్యధరా తీరం వెంట గ్రీస్ వరకూ, ఆ పైన తూర్పుకూ కనిపించే మొక్కను పాత గ్రంథాలన్నీ అదే పేరుతో పిలిచినా, 2005లో దానిని మినియేటస్ అనే ప్రత్యేక జాతిగా వర్ణించారు. కొందరు వృక్షశాస్త్రజ్ఞులు, పూర్వపు వృక్షశాస్త్రజ్ఞుడు హావర్త్ పెట్టిన అబ్సొలీటస్ అనే పాత పేరునే దానికి వాడుతున్నారు. సెరోటినస్‌లో 10, ఎలిగాన్స్‌లో 20, మినియేటస్‌లో 30 క్రోమోజోములు ఉండడాన్ని బట్టి, మొదటి రెండింటి కలయికతో మూడవది పుట్టిందని పరిశోధకులు భావిస్తున్నారు. ఇంట్లో క్రోమోజోములు లెక్కపెట్టనక్కరలేదు. సెరోటినస్ గిన్నె పసుపుగా ఉంటుంది, కాడకు సాధారణంగా ఒకే పూవు పూస్తుంది. మినియేటస్ గిన్నె ముదురు నారింజ రంగులో ఉంటుంది, కాడకు ఒకటి కంటె ఎక్కువ పూలు కూడా రావచ్చు. నా కుండీలో విచ్చుకున్నవన్నీ నారింజ గిన్నెలే. పూవు అందమైనదే, సువాసనకూ లోటు లేదు, కాని నేను కోరినది అది కాదు. నర్సరీ వారికి రాస్తే మర్యాదగానే బదులిచ్చి, ఇంత సూక్ష్మభేదాన్ని కొనేవారెవరూ పట్టించుకోరని సెలవిచ్చారు. ఇలాంటి దుంపలు కొనేవారు పట్టించుకునేది సరిగ్గా ఆ సూక్ష్మభేదాన్నే!

ఎలిగాన్స్‌తో ఏ పేచీ లేదు. పూల వేళకే సన్నని ఆకులు ఉండడం, కాడకు అనేక పూలు రావడం, కొస తేలిన ఇరుకు రేకులు, మొదట ఆకుపచ్చ ఛాయతో ఉండి వయసు మీద నారింజకు తిరిగే గిన్నె, ఇవన్నీ దానిని ఇట్టే పట్టిస్తాయి.

ఈ సంచయానికి విలువ తెచ్చినది మాత్రం విరిడిఫ్లోరస్. జిబ్రాల్టర్ జలసంధికి ఇరువైపులా పెరిగే ఈ జాతి పూలు ఆకుపచ్చని నక్షత్రాల్లా ఉంటాయి, సాయంకాలం నుంచి ఘాటుగా పరిమళిస్తాయి. పూసే దుంపకు ఆ సమయంలో ఆకు ఉండదు, ఆకుపచ్చని కాడే ఆకు పని కూడా చేస్తుంది. పూయని దుంప ఆకు మాత్రం వేస్తుంది. ఈ సంగతి తెలియనివారు మొదటి ఏడాది ఆకును చూసి మోసపోయామనుకునే ప్రమాదం ఉంది. కాలిఫోర్నియాలో డాఫోడిళ్ల సంకరకర్త హెరాల్డ్ కూపోవిట్జ్ ఈ జాతిని ఉపయోగించి శరదృతువులో పూసే ఆకుపచ్చ ఛాయల సంకరాలను రూపొందించారు.

సంచులతో పాటు వచ్చిన సూచనల కాగితం గురించి మంచి మాట చెప్పలేను. అది వసంతపు డాఫోడిళ్ల కోసం రాసినది. పచ్చికలో నాటమనీ, చలికి భయపడనక్కరలేదనీ అంటుంది. ఈ జాతులకు సగం వరకు గరుకు ఇసుక, చిన్న రాళ్లు కలిపిన మట్టి, నీరు నిలవని లోతైన కుండీ కావాలి. ఆకులు ఎండిపోయాక తడి తగలనీయకుండా వేసవి వేడికి వదిలేసి, సెప్టెంబరులో రాత్రులు చల్లబడగానే నీరు మొదలుపెట్టాలి. చలికాలమంతా గట్టి వెలుగు కావాలి, గడ్డకట్టే చలి నుంచి కాపాడాలి. వేసవి వేడి చాలకపోతే విరిడిఫ్లోరస్ మొండికేస్తుంది. దుంపలను తొలిచే ఈగ ఆకులు వాడే రోజులలో గుడ్లు పెడుతుంది గనుక అప్పుడు సన్నని వల కప్పడం మంచిది. దుంపలలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, ఉల్లిపాయల దగ్గర నిలువ చేయరాదు.

ఇదే నర్సరీ విత్తనాలు కూడా అమ్ముతుంది. వైరస్ సాధారణంగా విత్తనం ద్వారా రాదు కాబట్టి, పూతకు మూడు నాలుగేళ్లు ఆగగలిగేవారికి ఆ దారే మంచిది. అయితే కావనిలేసీ, సెరోటినస్ వర్గపు మొక్కలు పక్కపక్కన పూస్తే పెరెజ్‌లారే అనే సంకరం స్పెయిన్‌లో సహజంగానే పుడుతోంది. చేతితో పరాగసంపర్కం జరిపిన విత్తనమేనా అని కావనిలేసీకి ముందే అడిగి తీసుకోవాలి. ఎలిగాన్స్, విరిడిఫ్లోరస్ దుంపలను ఇక్కడ నిశ్చింతగా కొనవచ్చు. సెరోటినస్ కావాలనుకునేవారు మాత్రం విత్తన మూలం ఏ ప్రాంతమో, ఆ మొక్క పూవు ఛాయాచిత్రం ఉందో లేదో తెలుసుకొని, గిన్నె పసుపుగా ఉంటేనే డబ్బు కట్టాలి.