షీ జిన్‌పింగ్ ఎదిగిన దారిలో: లియాంగ్జియాహె నుంచి షాంఘై దాకా

చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఉద్యోగ జీవితాన్ని పటం మీద గీస్తే ఆ గీత వాయవ్యాన పసుపు మట్టి కొండల్లో మొదలై, ఉత్తర మైదానంలోని ఒక కౌంటీ మీదుగా ఆగ్నేయ తీరానికి దిగి, అక్కడ పదిహేడేళ్లు నిలిచి, ఆపై తీరం వెంబడి షాంఘై చేరి బీజింగ్‌లో ఆగుతుంది. మన దగ్గర నాయకుడి ఎదుగుదలను ఎన్నికల ఫలితాల్లో వెతుకుతాం. అక్కడ దాన్ని బదిలీ ఉత్తర్వుల్లో వెతకాలి. ఆ ఊళ్లను వరుసగా చూడాలన్న కోరికతో చేసిన ప్రయాణం ఇది. నాకు అర్థమైనంతలో, ఆయన చిన్న హోదాలో పనిచేసిన చోటే చూడటానికి ఎక్కువ ఉంది, హోదా పెరిగిన కొద్దీ సందర్శకుడికి దక్కేది తగ్గుతుంది.

షాన్షీ రాష్ట్రంలోని యాన్‌ఆన్ పట్టణం, ఆయన దారి మొదలైన లియాంగ్జియాహె గ్రామానికి దగ్గరి మజిలీ. మావో నాయకత్వంలోని కమ్యూనిస్టులకు కొన్నేళ్లపాటు రాజధానిగా ఉన్న పట్టణం కనుక హోటళ్లకు కొరత లేదు. కొండను తొలిచి కట్టిన గుహ ఇళ్ల తరహా బసలు కూడా దొరుకుతాయి. నేను దిగిన అలాంటి బసలో గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది కానీ, విదేశీయుల నమోదు తెలిసిన ఉద్యోగి వచ్చేదాకా పాస్‌పోర్టు పట్టుకుని చాలాసేపు నిలబడవలసి వచ్చింది. పెద్ద హోటళ్లలో ఈ పని నిమిషాల్లో ముగుస్తుంది. శాకాహారులకు కొర్ర జావ, తురిమిన బంగాళదుంపను పిండితో కలిపి ఆవిరిపై ఉడికించే స్థానిక వంటకం చాలు.

లియాంగ్జియాహెలో సొంత వాహనాన్ని బయటే వదిలి ఊరి బస్సులో లోపలికి వెళ్లాలి. 1969 జనవరిలో, పదిహేనేళ్ల వయసులో, నగర యువతను పల్లెలకు పంపిన ఉద్యమంలో భాగంగా ఆయన ఇక్కడికి వచ్చి 1975 దాకా ఉన్నారు. ఉపప్రధానిగా ఉన్న తండ్రి షీ జోంగ్‌షున్ 1962లోనే పదవి పోగొట్టుకున్నారు కనుక పార్టీ సభ్యత్వానికి కొడుకు పెట్టిన దరఖాస్తులు పదేపదే తిరస్కరణకు గురయ్యాయి. 1974లో సభ్యత్వం దొరికింది, అదే ఏడాది ఆయన గ్రామ పార్టీ శాఖ కార్యదర్శి అయ్యారు. ఆయన పడుకున్న గుహ గదులు, తవ్వించిన బావి, షాన్షీలో మొదటిదిగా చెప్పే గోబర్ గ్యాస్ గుంత అన్నీ చక్కగా నిలబెట్టారు. శుభ్రతకు, వరుస నిర్వహణకు పూర్తి మార్కులు వేయవచ్చు. అయితే గైడు ఈగలు, నల్లులు, ఆకలి గురించి చెప్పినంత వివరంగా ఆ కుర్రవాడు అక్కడికి ఎందుకు రావలసి వచ్చిందో చెప్పలేదు. గుంపులుగా వచ్చిన పార్టీ కార్యకర్తలు జెండా ముందు ఫొటోలు దిగుతుంటే, విడిగా వచ్చినవారు ఒక పక్కకు జరిగి నిలబడవలసిందే.

ఈ దారిలో నాకు అన్నిటికంటే నచ్చింది హెబెయ్ రాష్ట్రంలోని జెంగ్‌డింగ్. చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో చదువు, ఆ తరువాత 1979 నుంచి సైనిక నాయకుడు గెంగ్ బియావో దగ్గర కార్యదర్శి ఉద్యోగం ముగించుకుని 1982లో ఆయన కోరి వచ్చిన కౌంటీ ఇది. మొదట పార్టీ ఉపకార్యదర్శి, మరుసటి ఏడాది కార్యదర్శి. ప్రభుత్వానికి అమ్మవలసిన ధాన్యం కోటా రైతుల నడ్డి విరుస్తోందని పై అధికారులకు నివేదించి దాన్ని తగ్గించడం ఇక్కడ ఆయన చేసిన తొలి పనుల్లో ఒకటి. పర్యాటకుడికి కనిపించే గుర్తు మాత్రం రోంగ్‌గువో భవనం. ఒక ప్రాచీన నవల టీవీ ధారావాహిక కోసం తాత్కాలిక సెట్ వేయబోతుంటే, దాన్ని శాశ్వతంగా కట్టి తరువాత పర్యాటకులకు తెరుద్దామని పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యులు. నిర్మాణం 1986లో పూర్తయింది, పెట్టుబడి త్వరగానే తిరిగి వచ్చింది. కట్టడంగా అది నన్ను పెద్దగా ఆకట్టుకోలేదు. ఎంతైనా సెట్ సెట్టే. కానీ ముప్పై ఏళ్లు దాటిన ఒక కౌంటీ అధికారి తన పేరు పై వారికి వినబడేలా చేయడానికి ఏ రకం పనిని ఎంచుకున్నాడో అక్కడ నిలబడితే బాగా తెలుస్తుంది.

జెంగ్‌డింగ్‌లో నిజంగా చూడవలసింది లోంగ్‌షింగ్ ఆలయం. క్రీ.శ. 971లో సోంగ్ చక్రవర్తి ఆజ్ఞతో పోతపోసిన, ఇరవై మీటర్లు దాటిన కంచు అవలోకితేశ్వర విగ్రహానికి ఒక పూట కేటాయించండి. రాత్రి బసకు పక్కనే ఉన్న షిజియాజువాంగ్ కంటే పాత ఊరే మేలు, సాయంత్రం కోటగోడ మీద నడక బాగుంటుంది. షిజియాజువాంగ్‌ను మాత్రం వదలకండి. అక్కడి అమరవీరుల శ్మశానవాటికలో, చైనా సైనికులకు వైద్యం చేస్తూ 1942లో మరణించిన సోలాపూర్ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ సమాధి ఉంది. మన పాస్‌పోర్టు చూసిన గేటు దగ్గరి ఉద్యోగి ఆ పేరే పలికి దారి చూపించాడు.

1985లో ఆయన ఫుజియాన్ రాష్ట్రంలోని షియామెన్‌కు ఉపమేయరుగా వెళ్లారు. దేశంలోని తొలి నాలుగు ప్రత్యేక ఆర్థిక మండళ్లలో అది ఒకటి, సౌకర్యాల్లో ఈ దారి మొత్తానికీ అదే మెరుగు. గులాంగ్‌యూ దీవి 2017లో యునెస్కో జాబితాకెక్కింది. వాహనాలు తిరగవు కనుక అక్కడ గది తీసుకుంటే పెట్టెలు మోసుకుంటూ మిట్టలు ఎక్కాలి, అద్దె కూడా నగరంలో కంటే ఎక్కువ. నగరంలోనే ఉండి ఉదయపు ఫెర్రీలో వెళ్లి రావడం సుఖం. దక్షిణ పుతువో ఆలయంలోని శాకాహార భోజనశాల మనవారికి వరం. ఆయన గుర్తు కావాలంటే యున్‌డాంగ్ సరస్సు చుట్టూ నడవండి: మురికితో కంపు కొట్టే ఆ నీటి శుద్ధి పథకం 1988లో ఆయన హయాంలో ఊపందుకుంది.

అక్కడి నుంచి ఫుజౌకు వెళ్లే రైలు దారిలోనే చువాన్‌జౌ ఉంది. 2019లో మామల్లపురంలో మోదీతో సమావేశమైనప్పుడు తమిళ తీరానికీ ఫుజియాన్‌కూ ఉన్న పాత వర్తక సంబంధాల ప్రస్తావన వచ్చింది. కైయువాన్ ఆలయంలో కృష్ణలీలలు చెక్కిన స్తంభాలను చూస్తే ఆ మాట మర్యాదకు అన్నది కాదని తెలుస్తుంది.

1988లో బదిలీ అయిన నింగ్డె ఆనాడు తీరప్రాంతంలోని బాగా పేద జిల్లా. ఇప్పుడు విద్యుత్ వాహనాల బ్యాటరీలలో ప్రపంచంలోనే అతిపెద్ద సంస్థ సీఏటీఎల్‌కు స్థావరం. పట్టణంలో చూడటానికి ఏమీ లేదు, హోటళ్లు వ్యాపారుల కోసం కట్టినవి. ఓపిక ఉంటే 1989లో ఆయన రోడ్డు లేక కాలినడకన చేరిన శియాడాంగ్ గ్రామానికి, అక్కడి చెక్క వంతెన కోసం వెళ్లవచ్చు. కొండదారి మలుపులు కడుపును పరీక్షిస్తాయి.

1990 నుంచి 1996 దాకా ఫుజౌ నగర పార్టీ కార్యదర్శిగా ఉన్నప్పుడు, కూల్చబోతున్న విప్లవకారుడు లిన్ జుయెమిన్ ఇంటిని కాపాడి స్మారకంగా మార్పించారు. ఆ ఇల్లున్న పాతబస్తీ ‘మూడు వీధులు, ఏడు సందులు’ ఇప్పుడు నగరానికి ప్రధాన ఆకర్షణ. అదే పాతబస్తీ పునర్నిర్మాణాన్ని 1993లో నగర పాలకులు హాంకాంగ్‌కు చెందిన ఒక నిర్మాణ సంస్థకు అప్పగించారు, ఆ ఒప్పందం 2005లో గానీ రద్దు కాలేదు. నాకు కనిపించిన ఫలకాల్లో మొదటి సంగతే ఉంది. ప్రధాన వీధిలో దుకాణాలు ఎక్కువ, సందుల్లోకి తిరిగితేనే పాత గోడలు దొరుకుతాయి. ఇక్కడి నుంచే 1997 పార్టీ మహాసభకు వెళ్లి, కేంద్ర కమిటీ ప్రత్యామ్నాయ సభ్యుల్లో అందరికంటే తక్కువ ఓట్లతో 151వ పేరుగా నిలిచారు. పదేళ్ల తరువాత అదే వ్యక్తి పార్టీ అత్యున్నత మండలి అయిన పొలిట్‌బ్యూరో స్థాయీ సంఘంలో, తరువాత ప్రధాని అయిన లీ కెచియాంగ్ కంటే ముందు వరుసలో నిలుస్తారని ఆనాడు ఊహించినవారు ఉంటే వారి జాతకశాస్త్రం గొప్పది.

ఆ పదేళ్లలో ఫుజియాన్ గవర్నరు పదవి, 2002 నుంచి జెజియాంగ్ పార్టీ కార్యదర్శి పదవి వచ్చాయి. జెజియాంగ్‌లో ఆన్‌జి కౌంటీలోని యుచున్‌ను ఎంచుకోండి. సున్నపురాయి గనులు మూసిన ఆ ఊరికి 2005 ఆగస్టులో వచ్చి, పచ్చని కొండలూ స్వచ్ఛమైన నీళ్లూ బంగారు కొండలతో సమానమని ఆయన అన్న మాటను రాతిమీద చెక్కి నిలబెట్టారు. ఊళ్లో ఇంటి బసలు ఈ ప్రయాణం మొత్తంలో ఉత్తమం: వెదురుతోటల మధ్య గది, ఇంటి వంట, లేత వెదురు మొలకల కూర. వారాంతంలో వెళితే ధరలు పెరుగుతాయి.

2006లో పింఛను నిధుల కుంభకోణంలో షాంఘై పార్టీ కార్యదర్శి చెన్ లియాంగ్‌యు తొలగింపునకు గురయ్యాక, 2007 మార్చిలో షీ ఆ పదవిలోకి వచ్చారు. ఏడు నెలలే ఉన్నారు. ఆ నెలల ఆనవాలు నగరంలో నాకేదీ దొరకలేదు. పార్టీ మొదటి మహాసభ జరిగిన ఇల్లు ఉంది, 2017లో కొత్త స్థాయీ సంఘాన్ని వెంటబెట్టుకుని ఆయన వచ్చి ప్రమాణం చేసిన చోటు అదే. ప్రవేశం ఉచితం, ముందుగా పాస్‌పోర్టు నంబరుతో సమయం తీసుకోవాలి. బీజింగ్‌లో మిగిలింది అగ్రనేతల కార్యాలయాలుండే జోంగ్‌నాన్‌హాయ్ ప్రాంగణపు బయటి ఎర్రగోడ, ‘ప్రజలకు సేవ చేయండి’ అన్న మావో దస్తూరీ కనిపించే శిన్‌హువా ద్వారం. దాని కోసం విడిగా రోజు కేటాయించనక్కరలేదు. తియానన్మెన్ చూసి వచ్చే దారిలో రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. సమయం తక్కువైతే జెంగ్‌డింగ్, షియామెన్, యుచున్ చాలు. బయలుదేరే ముందు ఫోన్‌లో చెల్లింపుల యాప్ అలీపేకు కార్డు జతచేసుకోండి. పల్లెల్లో చిల్లర ఇచ్చేవారు దొరకడం కష్టం.