జీబ్రా క్రాసింగా, ఫుట్ ఓవర్ బ్రిడ్జా?

ఖర్చు: జీబ్రాకు కాస్త తెల్లరంగు చాలు. వంతెనకు ఉక్కు, మెట్లు, లిఫ్టు, ఆ లిఫ్టుకు మరమ్మతులు.

శ్రమ: వంతెనంటే మెట్లెక్కాలి, మళ్లీ దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చంకలో బిడ్డ ఉన్నవాళ్లకు అది కొండే. అందుకే చాలామంది దాని కిందే డివైడర్ దూకేస్తారు!

ప్రమాదం: వంతెన మీద బండి భయం లేదు, రాత్రి లైట్లు లేకపోతే వేరే టెన్షన్. జీబ్రా దగ్గర అంతా డ్రైవర్ దయ. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. బ్రేక్ మీద కాలు పడేలోపే బండి అంత దూరం వచ్చేస్తుంది. ఆగిన బస్సు ముందునుంచి దాటేటప్పుడైతే పక్క లేన్ అసలు కనపడదు. బస్సు అంచు దగ్గర ఆగి తొంగిచూడాల్సిందే.

బడి, బజారు, ఆసుపత్రి ముందు సిగ్నల్ ఉన్న జీబ్రాయే నయం. బండ్లు ఆగని హైవే మీదైతే వంతెనే, లిఫ్టు పనిచేస్తుంటే.