సీ వ్యూ రూము కోసమైతే గంగాసాగర్ వెళ్ళకండి

గంగాసాగర్ అంటే బెంగాల్‌లో గంగ సముద్రంలో కలిసేచోటి తీర్థం. శ్రీకాకుళంలో మాకు ఆ యాత్ర ప్యాకేజీ అమ్మిన ట్రావెల్స్ అతని పేరు రాయను. మనిషికి 11,500 రూపాయలు తీసుకుని మూడు మాటలిచ్చాడు. రైలు టికెట్లు కన్ఫర్మ్, సముద్రం కనిపించే ఏసీ రూము, దగ్గర్లోని ఘోరమారా దీవికి బోటు. మొదటిది ఒక్కటే నిజమైంది.

ఆమదాలవలసలో రైలెక్కి హౌరాలో దిగి, సియాల్దా నుంచి లోకల్‌లో కాక్‌ద్వీప్ చేరేదాకా ఏ గొడవా లేదు. మా అత్తయ్య కూడా ఏమీ అనలేదు, అదే విశేషం.

అసలు కష్టం లాట్ నంబర్ ఎనిమిది రేవులో మొదలైంది. అక్కడ ముడిగంగ అనే నదీపాయ దాటితేనే గంగాసాగర్ ఉన్న సాగర్ దీవి. మేం వెళ్ళేసరికి పాటు వేళ. నీళ్ళు దిగిపోయి, నది మధ్య మేటలు తేలి, ఫెర్రీ ఆగిపోయింది. మూడు గంటలకు పైగా రేకుల షెడ్డు కింద కూర్చున్నాం. "ఏటి బాబూ, ఎండలో కూకోపెట్టడానికా ఇంతదూరం తెచ్చినావు?" అని అత్తయ్య. పాటు వేళలు ముందే చూసుకోవాలని ఏజెంటు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ మాట పడేవాణ్ణి కాదు.

మాతో బందరువానిపేట సూరన్న వచ్చాడు. చేపల వేటకి ఏళ్ళపాటు గుజరాత్‌లోని వెరావల్ వలస వెళ్ళినవాడు కాబట్టి హిందీ బాగా వచ్చు. నీళ్ళ వంక చూసి, "మన వంశధార మొగ కూడా ఇలాగే పూడిపోతంది సార్, అక్కడ గొట్టా బ్యారేజీ, ఇక్కడ ఏటున్నాదో" అన్నాడు. ఇరిగేషన్‌లో డీఈగా రిటైరైన మా బావకి బ్యారేజీని ఎవరైనా ఏమైనా అంటే పడదు. "ఇక్కడ ఫరక్కా బ్యారేజీ ఉంది. 1975లో మొదలైంది. కలకత్తా పోర్టులో పూడిక కొట్టుకుపోవాలనే గంగ నీళ్ళని హుగ్లీలోకి మళ్ళించారు" అని క్లాసు పీకాడు. ఫెర్రీ వచ్చేదాకా ఇదే వాదన.

ఇక రూము. కిటికీ తెరిస్తే పక్క లాడ్జి గోడ, దాని మీద నల్లటి సింటెక్స్ ట్యాంకు. ఏసీ ఉంది గానీ రిమోట్ ఇవ్వడానికి 500 డిపాజిట్. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. బకెట్ వేడినీళ్ళు 40 రూపాయలు, అదీ ఉదయం ఏడు లోపలే. సీ వ్యూ ఏదయ్యా అని అడిగితే మేనేజరు పళ్ళు కుట్టుకుంటూ, "రెండేళ్ళు ఆగి రండి, సముద్రమే కిటికీ దగ్గరికి వస్తుంది" అన్నాడు. ఒళ్ళు మండింది. తెల్లారి కపిల ముని గుడికి వెళ్ళాక తెలిసింది, వాడన్నది ఉత్త పొగరు మాట కాదని. ఇప్పుడున్న గుడి 1970లలో కట్టింది. అంతకు ముందరివి సముద్రంలో కలిసిపోయాయి. ఒడ్డున అలలకు కోసుకుపోయిన చోట్ల ఇసుక బస్తాలు పేర్చారు. దర్శనం బాగా జరిగింది.

ఘోరమారా బోటు రానేలేదు, ఏజెంటు ఫోనూ ఎత్తలేదు. సూరన్నే ఒక టోటో (బ్యాటరీ ఆటో) మాట్లాడాడు, రానూపోనూ 600. ఘోరమారా, లోహాచరా దీవుల నుంచి వచ్చేసినవాళ్ళ కాలనీ ఒకటి సాగర్‌లోనే ఉంటే అక్కడికి తీసుకెళ్ళాడు. లోహాచరా పూర్తిగా మునిగిపోయింది. ఘోరమారా సగానికి పైగా పోయింది.

ఆ కాలనీలో ఒక పెద్దాయన తన తమలపాకు తోట చూపించాడు. జనపకట్టెల దడి, పైన పల్చటి గడ్డి కప్పు, లోపలికి నడుం వంచి వెళ్ళాలి. బయట మాడిపోయే ఎండ, లోపల చల్లగా తడి మట్టి వాసన. దీవిలో ఉన్నప్పుడే ఇల్లు మూడుసార్లు వెనక్కి జరుపుకున్నారట. ముందు వచ్చినవాళ్ళకి ప్రభుత్వం ఎక్కువ భూమి ఇచ్చింది, తర్వాత వచ్చినవాళ్ళకి తగ్గిపోయింది. ఈయన తర్వాత వచ్చినవాడు.

భోజనం వాళ్ళింట్లోనే. ముతక బియ్యం అన్నం, పల్చటి పప్పు, ఆవపిండి పెట్టిన చిన్న ఏటి చేపల పులుసు. ఆవనూనె అంటే ముక్కు మూసుకునే మా అత్తయ్య రెండోసారి అడిగి వేయించుకుంది. డబ్బులు వద్దంటే బలవంతంగా ఐదుగురికీ 500 పెట్టాం. యాత్ర మొత్తంలో మనసొప్పి ఇచ్చిన డబ్బు అదొక్కటే.

తింటుండగానే వాదన మళ్ళీ లేచింది. హల్దియా పోర్టు కోసం పూడిక తీసి, నయాచర్ దీవి దగ్గర గైడ్‌వాల్ (ప్రవాహాన్ని మళ్ళించే గోడ) కట్టాకే ప్రవాహం తమ మీదకి తిరిగిందని పెద్దాయన. కేరళలో తాపీ పని చేసే కొడుకు మాత్రం వాతావరణం వేడెక్కడమే కారణం అంటాడు. 2021లో యాస్ తుఫానుకి ఘోరమారా అంతా నీళ్ళలో ఉండటం కళ్ళారా చూశాడు. మా బావ లెక్కలు తీశాడు. ప్రపంచమంతటా సముద్రం 1901 నుంచి 2018 దాకా 20 సెంటీమీటర్లు పెరిగింది, అందులో 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, దానికి తోడు డెల్టాలో ఒండ్రు అణిగి నేలే కుంగుతుంది, కాబట్టి అన్నీ కలిసే ముంచాయి అన్నాడు. కొడుకు ఒకటే అడిగాడు: "పోర్టు తప్పయితే పోర్టుని అడుగుతాం. అన్నీ కలిసి అయితే ఎవర్ని అడగాలి?" కోతకు గురై ఊళ్ళు వదిలినవాళ్ళ పునరావాసానికి 15వ ఆర్థిక సంఘం 1,000 కోట్లు సిఫారసు చేసిందని బావ చెప్పబోయాడు. ఆ డబ్బు తమ దాకా రాలేదని పెద్దాయన చెయ్యి ఊపేశాడు.

తిరుగు రైల్లో పలాస దాటేదాకా సూరన్న మా జిల్లా తీరంలోని మూలపేట పోర్టు గురించే. "రాళ్ళ గోడ సముద్రంలోకి వేస్తన్నారు. ఉత్తరం పక్క ఊళ్ళకి ఇసక ఎవరు తెస్తారు సార్?" నైరుతి గాలుల కాలంలో మన తీరంలో ఇసుక ఉత్తరానికే నడుస్తుందని, గోడ దాన్ని ఆపుతుందని బావ కూడా ఒప్పుకున్నాడు. వైజాగ్‌లో పోర్టువాళ్ళు ఇసుక తవ్వి ఆర్కే బీచ్‌కి పోస్తున్నారుగా, ఇక్కడా పోస్తారులే అన్నాడు. సూరన్న నమ్మలేదు, నేనూ నమ్మలేదు.

వెళ్ళాలనుకుంటే ప్యాకేజీ వద్దు. సొంతంగా వెళ్తే మనిషికి ఆరేడు వేలు దాటదు. బస భారత్ సేవాశ్రమ్ సంఘ్ వాళ్ళ సత్రంలో అడగండి. మేం చూసినంతలో శుభ్రంగా ఉంది, లాడ్జికి పోసిన డబ్బు తలచుకుని బాధపడ్డాం. సంక్రాంతి మేళా రోజుల్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళొద్దు. ఫెర్రీ వేళలు పోటుని బట్టి రోజూ మారతాయి, ముందురోజే కనుక్కోండి.