ఫ్యాను చప్పుడు ఆగితే రిపేరు అయినట్టు కాదు: పాత ల్యాప్‌టాప్ కొనేవారికి జాగ్రత్త

ఒంగోలులో పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే ఒక దుకాణంలో లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇచ్చిన యంత్రం కొన్నాను. పనేమీ లేకపోయినా ఫ్యాను హోరెత్తేది. బాగు చేయమని ఇస్తే నిశ్శబ్దంగా తిరిగి వచ్చింది. ఆ తర్వాత వీడియో ఎడిటింగ్ మొదలుపెడితే చాలు, చెప్పాపెట్టకుండా ఆరిపోతోంది.

లోపల చూస్తే, బోర్డు మీద వేడిని కొలిచే ఒక సెన్సార్ ఎప్పుడూ 127 డిగ్రీలే చూపిస్తోంది. ఆ అంకెను నమ్మే ఫ్యాను పూర్తి వేగంతో తిరిగేది. దుకాణంవారు సెన్సార్ జోలికే పోలేదు. ఆన్ కాగానే ఫ్యానును కనిష్ఠ వేగంలో కట్టిపడేసే చిన్న స్క్రిప్టు (దానంతటదే నడిచే ఆదేశాల ఫైలు) పెట్టారు. జ్వరం తగ్గించమంటే థర్మామీటరు దాచేసినట్టుంది ఈ వైద్యం! ప్రాసెసర్ వేడి వంద దగ్గరికి చేరినా ఫ్యాను వేగం పెరగదు, అందుకే యంత్రం ఆరిపోతోంది.

వింత అంకెలన్నీ మోసం కావు. థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల డ్రైవరు (సెన్సార్ అంకెలను చదివి సిస్టమ్‌కు చెప్పే ప్రోగ్రాము) సెన్సార్ లేని చోట -128 చూపిస్తుంది. అక్కడ కొలిచేదేమీ లేదని దాని అర్థం. రీడింగును మైనస్ అంకెలతో సహా ఎనిమిది బిట్లలో దాస్తే -128 నుంచి 127 వరకే పడతాయి. ఈ రెండు కొసల్లో దేని దగ్గర రీడింగు కదలకుండా నిలిచినా అది ఉష్ణోగ్రత అని నమ్మకండి. చెడ్డ రీడింగు వస్తే డ్రైవరు ‘తప్పు’ అని తేల్చి చెప్పాలి. దాన్ని సున్నాగా చూపించే డ్రైవరు నా దృష్టిలో మరీ ప్రమాదం, అంతా చల్లగా ఉందని ఫ్యాను నిద్రపోతుంది.

డబ్బు కట్టేముందే లినక్స్ టెర్మినల్‌లో ఉష్ణోగ్రతలు చూపే ‘సెన్సార్స్’ (sensors) ఆదేశం నడిపించి చూడండి. మే నెలలో ఏసీ లేని దుకాణంలో 20 డిగ్రీలు చూపిస్తే అది అబద్ధమే. గది గాలికన్నా చల్లగా ఏ ఫ్యానూ చేయలేదు. కాసేపు బరువైన పని పెట్టండి. అంకెలు పెరగాలి, పని ఆపితే దిగాలి. (లినక్స్ సెన్సార్ ఫైళ్లలో నేరుగా చూసేవారు 45000 అని కనిపిస్తే బెదరకండి. అక్కడి లెక్క డిగ్రీలో వెయ్యో వంతు, అంటే 45.)

“మీరు చెప్పింది చప్పుడు గురించే కదా, తగ్గించాం” అన్నది దుకాణం జవాబు. స్క్రిప్టుకూ రీడింగులకూ ఫొటోలు తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. బిల్లు మాత్రం తప్పకుండా అడిగి తీసుకోండి.