కడప సాహిత్య సభలకు వెళ్ళేవారికి

శాలువాలు కప్పడానికి పట్టిన సమయంలో సగమైనా రచయితకు దక్కి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం నాకు ఉండేది కాదు. కడపలోని ఒక ఆర్ట్స్ కళాశాల తెలుగు శాఖ వారు రెండు రోజుల పాటు ఏర్పాటు చేసిన ప్రసంగాలకు, కథా పఠనానికి, పుస్తకావిష్కరణకు మా పెదనాన్నగారితో కలిసి హైదరాబాదు నుంచి వెళ్ళాను. ఆయన ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆవిష్కరణ జరగబోయే కథల సంపుటి రచయిత ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే కావడంతో, మోకాళ్ళ నొప్పులను కూడా లెక్కచేయకుండా బయలుదేరారు. కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారకముందే కడపలో దిగాము. ప్రయాణం సుఖంగా సాగింది కాబట్టి దాని గురించి చెప్పవలసింది ఏమీ లేదు.

చెప్పవలసింది లాడ్జి గురించి. ఆహ్వానంతో పాటు పంపిన కాగితంలో ప్రతినిధులకు రాయితీ అద్దె రోజుకు రూ.1,100 అని స్పష్టంగా రాసి ఉంది. ఐదున్నరకు మేము అక్కడికి చేరేసరికి, నిద్ర కళ్ళతో లేచిన గుమాస్తా ఏసీ గదులు తప్ప ఖాళీ లేవని, అద్దె రూ.1,500 అని, ఉదయం ఎనిమిది లోపల దిగినవారికి అంతకు ముందు రోజు అద్దె కూడా పడుతుందని వరసగా చెప్పుకుపోయాడు. అంటే రెండున్నర గంటల నిద్రకు ఒక రోజు అద్దె అదనమన్నమాట. అతని తల వెనకే గోడ మీద ‘24 గంటల చెకౌట్’ అన్న బోర్డు పెద్ద అక్షరాలతో వేలాడుతోంది.

“బాబూ, ఆ బోర్డు మీదేనా?” అని పెదనాన్నగారు అడిగారు.

“అది పాత బోర్డు సార్.”

“మరి కొత్తది ఎక్కడుంది నాయనా?”

దానికి అతని దగ్గర జవాబు లేదు. చివరికి రూ.2,200కు బేరం కుదిరింది. రసీదు అడిగితే వెళ్ళేటప్పుడు ఇస్తామన్నారు. వెళ్ళేటప్పుడు అడిగితే రసీదు పుస్తకం యజమాని దగ్గర ఉందన్నారు. గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టుకు తాడు అడ్డం కట్టి ఉంది. మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కిన పెదనాన్నగారు పైకి చేరాక మంచం మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. స్నానాల గదిలో బకెట్టు ఉంది, మగ్గు లేదు. వేడినీళ్ళు ఆరు నుంచి ఏడు వరకేనట. మేము కొళాయి తిప్పినప్పుడు ఆరూ ముప్పావు అయినా వచ్చినవి చన్నీళ్ళే. ఏసీ రిమోటు కావాలంటే కింద రూ.200 డిపాజిట్టు కట్టి తెచ్చుకోవాలి. ఏసీ గదికని డబ్బు తీసుకుని రిమోటుకు తాకట్టు పెట్టించుకునే పద్ధతి నేను మరే ఊళ్ళోనూ చూడలేదు. కళాశాల వారికి ఈ సంగతి చెబితే, “మేము మాట్లాడి పెట్టామండీ, వాళ్ళు అలా చేస్తారనుకోలేదు” అన్న మాటతో సరిపెట్టారు. మరునాడు ఉదయమే ఆర్టీసీ బస్టాండు దగ్గర రూ.1,000 అద్దెకు మామూలు గది తీసుకున్నాము. ఉతికిన దుప్పట్లు, మగ్గు, మొదటి అంతస్తు. ఈ ఊళ్ళో గదికి అంతకన్నా పెట్టనక్కరలేదు. అయితే పైకి వెళ్ళి చూసిన తర్వాతే డబ్బు కట్టండి.

ఇక సభ. ఆహ్వాన పత్రికలో ఉదయం పది గంటలకని ఉంది. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. అప్పటిదాకా విద్యార్థులను కుర్చీల్లోంచి కదలనివ్వలేదు. వేదిక మీద పద్నాలుగు కుర్చీలు వేశారు. ఒక్కొక్కరిని పేరు పేరునా పిలవడం, శాలువా, పూలగుత్తి, జ్ఞాపిక, ప్రతిదానికీ ఫోటో. మాట్లాడిన ప్రతివారూ సమయాభావం వల్ల రెండు మాటలే చెబుతానని మొదలుపెట్టి, తెలుగు భాష ఔన్నత్యం గురించి పావుగంటకు తగ్గకుండా సెలవిచ్చారు. తళుకు కాగితంలో చుట్టి రిబ్బను కట్టిన పుస్తకాన్ని విప్పి, పెద్దలందరూ తలా ఒక ప్రతిని గుండెలకు ఆనించుకుని ఫోటోకు నిలబడ్డారు. వారిలో ఇద్దరు తలకిందులుగా పట్టుకున్నారు. పుస్తకాన్ని సమీక్షిస్తామని పేరు వేయించుకున్న వక్త ముందుమాటలోని పేరాలనే చదివి వినిపించారు. రచయిత స్పందన కార్యక్రమంలో చివరి అంశం. అతని వంతు వచ్చేసరికి ఒంటిగంటా ముప్పావు దాటింది, వెనక వరసలు భోజనాల షామియానా వైపు ఖాళీ అవుతున్నాయి. నాలుగు నిమిషాలు మాట్లాడి, తన కథల్లోంచి ఒక్క పేరా అయినా చదవకుండానే నమస్కారం పెట్టేశాడు. ఆ మనిషి మాట వినడానికి రాత్రంతా రైల్లో వచ్చిన పెదనాన్నగారు భోజనాల దగ్గర పెరుగన్నం తప్ప ఏమీ తినలేదు.

మధ్యాహ్నం సాహిత్య విమర్శకుడు రా.రా. గురించి ఒక విశ్రాంత ఆచార్యులు చేసిన ప్రసంగం ఆ రోజును కొంత నిలబెట్టింది. రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడప నుంచి ‘సంవేదన’ పత్రికను ప్రారంభించిన తీరు, ఆ తర్వాత మాస్కోలో అనువాదకుడిగా గడిపిన కాలం, అనువాదం మీద రాసిన విమర్శ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కిన సంగతి చెబుతూనే, ఆయన తన స్నేహితుల రచనలను కూడా మొహమాటం లేకుండా ఎలా తూర్పారబట్టేవాడో ఉదాహరణలతో వివరించారు. పొద్దున వేదిక నిండా కూర్చున్నవారిలో ఒక్కరైనా ఆ మాటలు వినడానికి మిగిలి ఉంటే బాగుండేది. హాలులో నలభై మందికి మించి లేరు. పరిశోధక విద్యార్థులు పక్క గదుల్లో ఐదేసి నిమిషాలకు గంట మోగుతుండగా పత్రాలు చదివేసి, ధ్రువపత్రాల వరసలో నిలబడి ఉన్నారు.

రెండో రోజు ఉదయం ఖాళీ దొరకడంతో ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్ళాము. కళాశాల నుంచి ఆటోకు రూ.60 తీసుకున్నారు. సి.పి. బ్రౌన్ అనే ఆంగ్లేయుడు 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకు తన జీతంలోంచి డబ్బిచ్చి తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, సరిచూయించి, శుద్ధ ప్రతులు రాయించాడు. అతడు కూర్చిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. ఆ బంగళా ఉన్న చోటనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూరా విరాళాలు పోగుచేసి ఈ గ్రంథాలయాన్ని నిలబెట్టారు. ఇప్పుడిది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. అక్కడి ఉద్యోగి ఒకాయన, అడిగిన వెంటనే విసుక్కోకుండా ఒక తాళపత్రాల కట్టను విప్పి చూపించారు. ఆకుల మధ్య రంధ్రంలోంచి దారం పోయి ఉంది. గంటంతో గీసిన అక్షరాలు మామూలుగా చూస్తే కనబడవు, ఆకును వెలుతురుకు వాలుగా పట్టుకుంటేనే వరసలు తేలతాయి. నిమ్మగడ్డి నూనె వాసన వేస్తోంది. పెదనాన్నగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఒక పద్యపాదాన్ని కూడబలుక్కుని చదివారు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ఆయన ముఖం అప్పుడు విప్పారింది. ఇంత చూపించినందుకు ఎవరూ మమ్మల్ని ఒక్క రూపాయి అడగలేదు.

తిరిగి వచ్చేసరికి తరగతి గదిలో విద్యార్థుల కథా పఠనం మొదలైంది. వేదిక లేదు, శాలువాలు లేవు, బల్లల మీద ముప్పై మంది పిల్లలు, ఇద్దరు అధ్యాపకులు. బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తన నోటుపుస్తకంలోంచి కథ చదివింది. బోర్లు వరసగా ఎండిపోయిన రైతు ఇంట్లో, మరో బోరు వేయడానికి కమ్మలు తాకట్టు పెట్టాలా వద్దా అని తల్లీకూతుళ్ళ మధ్య ఒక రాత్రి జరిగే సంభాషణ ఆ కథ. తల్లి మాటలు అచ్చంగా కడప పల్లె యాసలో ఉన్నాయి. చదివేటప్పుడు ఆ అమ్మాయి గొంతు కూడా ఆ మాటలకు తగినట్టే మారింది. చదవడం అయ్యాక పెదనాన్నగారు లేచి, “అమ్మా, ఆ కమ్మలు తూకం వేసే చోటు ఇంకొక్కసారి చదువుతావా?” అని అడిగారు. ఆమె మళ్ళీ చదివింది. ముందు రోజు నాలుగు నిమిషాలతో సరిపెట్టుకున్న రచయిత కూడా వెనక బల్ల మీదే కూర్చుని విని, పిల్లలు అడగడంతో తన సంపుటిలోంచి ఒక కథను మొత్తంగా చదివాడు. ఆవిష్కరణ అంటే అదేనని పెదనాన్నగారు తేల్చేశారు, నాకూ అలాగే తోచింది.

తిండి గురించి ఒక్క మాట. ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, అంచుల వెంట నెయ్యి వదిలిన కారం దోసెను ఏడురోడ్ల దగ్గరి బండి మీద రూ.50కి తిన్నాము. కళాశాల వారి రెండు పూటల భోజనం కన్నా అది మేలు.

ఇలాంటి సభలకు వెళ్ళదలచినవారు మొదటి రోజు ఉదయం హాయిగా నిద్రపోయి, భోజనాల తర్వాత వెళ్ళండి. ప్రతినిధి రుసుము రూ.500 కట్టినవారికి రాయని పెన్ను, సంచి, ధ్రువపత్రం, భోజనం కూపన్లు ఇస్తారు. ధ్రువపత్రం అక్కరలేనివారు ఏమీ కట్టకుండా వెళ్ళి కూర్చున్నా ఎవరూ అడగరు. పుస్తకాల బల్ల దగ్గర చిల్లర ఉండదు, ఫోన్‌పే పనిచేస్తుంది. రూ.250 సంపుటిని రూ.200కే ఇచ్చారు. మేము రెండు ప్రతులు కొన్నాము. రెండోది ఎందుకని అడిగితే, కథ చదివిన ఆ అమ్మాయికని పెదనాన్నగారు చెప్పారు.