కొత్త పడవ ట్రైలర్, చేతులెత్తేసిన వారంటీ

పడవను బండి వెనక లాక్కెళ్లే ఈ ట్రైలర్ కొన్న ఏడాదిలోపే ఇరుసు బిగించిన చోట వెల్డింగు చీలింది. ఎడమ చక్రం హబ్ (చక్రం మధ్య, బేరింగులుండే భాగం) విప్పితే గ్రీజు పాలలా తెల్లబడి ఉంది, అంటే నీళ్లు చేరాయి. దారిలో వేడెక్కిన హబ్, పడవ దించేటప్పుడు చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని నీటిని లాగుతుంది. ఆ నీటిని ఆపడమే హబ్‌కు ఉండే సీలు పని. తయారీదారుకు ఫొటోలు పంపితే, ఇరుసు చేసిన సంస్థను అడగమన్నారు. ఆ సంస్థ వెల్డింగు తమది కాదంది. చివరికి, ఉప్పునీటి తుప్పుకు వారంటీ వర్తించదని జవాబు వచ్చింది. నేను పడవ దించేది మంచినీటి చెరువులో! పడవ బరువంతా మోసే అతుకు ఆ చీలిన వెల్డింగు. రోడ్డు మీద ఊడితే వెనక వచ్చేవారి ప్రాణాలకే ముప్పు. పడవ జారేందుకు ఉండే రోలర్లు, దాన్ని పైకి లాగే వించి బాగున్నాయి. అయినా కొనవద్దనే చెబుతాను. ఏ ట్రైలర్ కొన్నా ఇరుసు వారంటీ ఎవరు భరిస్తారో ముందే రాయించుకోండి.