పాత మారుతి 800 ఉన్నవాళ్లు: "కొత్త కార్బ్యురేటర్" అంటే జాగ్రత్త

ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే ఇప్పుడే రాస్తున్నా. హైదరాబాద్ పుత్లిబౌలిలో స్పేర్ పార్ట్స్ కోసం తిరిగేవాళ్లకి ఆ షాపు ఏదో వేరే చెప్పక్కర్లేదు, పాత మారుతి కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) అనగానే అందరూ అక్కడికే పంపిస్తారు.

నాది 1997 మోడల్ 800, నాన్నగారి బండి. ఈ చలికి పొద్దున్నే సెల్ఫ్ కొడితే తిరుగుతుంది కానీ అందుకోదు, ఒకసారి ఇంజన్ వేడెక్కిందా, ఇక రోజంతా ఏ గొడవా లేదు. ఈ మాటే ఆ షాపాయనకీ చెప్పాను. ఎయిర్ ఫిల్టర్ మూత కూడా తీయకుండానే "కార్బ్యురేటర్ ఖతం సార్, కొత్తది ఎక్కిద్దాం" అని 6,500 తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున మళ్లీ అదే. మా వీధి చివర మెకానిక్ మూత తీసి నన్ను చోక్ లాగమన్నాడు. లోపల రేకు సగమే మూసుకుంటోంది, కేబుల్ క్లాంప్ దగ్గర జారిపోతోంది. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, చోక్ గాలిని ఆపితేనే మిశ్రమం చిక్కబడి అంటుకుంటుంది. కేబుల్ సరిచేసి స్క్రూ బిగించాడు, బండి వెంటనే అందుకుంది. తర్వాత ఆ "కొత్త" కార్బ్యురేటర్ చూపించాడు: గోటితో గీకితే సిల్వర్ పెయింట్ పొరలుగా లేస్తోంది, దాని కింద స్క్రూల గాడులు అరిగిపోయి ఉన్నాయి, అతుకు దగ్గర పాత పెట్రోల్ జిగురు గోధుమరంగులో గడ్డకట్టి ఉంది.

డబ్బు సంగతి తర్వాత, ముందు నా పాతది ఇవ్వమని ఆ షాపుకి వెళ్లాను. ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "పాత సామాను మాదే సార్, రేట్ల కలిసే ఉంటది. నచ్చకుంటే వేరే దగ్గర చూస్కోండి." నలుగురి ముందు, పెద్దవాణ్ణని కూడా చూడకుండా! అడగకుండా నా వస్తువు ఉంచుకుని పైగా నాకే దారి చూపిస్తాడా? 2000 ప్రాంతంలో 800లోకి ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చేశాక, బండితో వచ్చిన అసలు కార్బ్యురేటర్‌కి ఎంత గిరాకీ ఉందో అతనికి బాగా తెలుసు.

చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తే ముందు చోక్ రేకు పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడండి. ఇంజన్ ఆఫ్‌లో ఉంచి యాక్సిలరేటర్ కదిపితే లోపల పెట్రోల్ సన్నటి ధారగా చిమ్మాలి, చిమ్మకపోతే అప్పుడు కార్బ్యురేటర్ విప్పించండి. స్పార్క్ ప్లగ్ పెట్రోల్‌తో తడిసిందేమో కూడా చూడండి. బిల్లు లేకుండా డబ్బులివ్వొద్దు, పాత సామాను చేతికి రాకుండా బండి కదపొద్దు.

నా కార్బ్యురేటర్ పైమూతకి ఒక్క స్క్రూ మాత్రం ఇత్తడిది, నాన్నగారు వేయించింది. అక్కడ ఎవరికైనా అలాంటిది అమ్మజూపితే దయచేసి ఫోటో తీసి నాకు పంపండి.